తడిసిన బండ

చేపలు పట్టడమంటే కాలువగట్టున చెట్టునీడలో కూర్చొని, నీటిమీద తేలే బెండు వైపు చూస్తూ పూట గడపడమని నేను చాలాకాలం నమ్మాను. నా చిన్నతనంలో బందరు కాలువ గట్టున మా నాన్నగారు అలాగే పట్టేవారు. వెదురు కర్ర, నైలాను దారం, నెమలి ఈక కాడతో చేసిన బెండు, కొబ్బరిచిప్పలో తడిమట్టితో కలిపి ఉంచిన వానపాములు. జెల్ల పడితే సంతోషం. కొరమీను పడితే వీధంతా చెప్పుకొనే వార్త. ఏదీ పడని రోజున కూడా ఆయన ముఖంలో విచారం కనిపించేది కాదు. ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడానికి అదొక సాకు కాబోలునని ఇప్పుడనిపిస్తుంది.

ఆ విద్య తప్ప మరొకటి తెలియని నేను ఉద్యోగరీత్యా సిడ్నీ చేరాను. ఇక్కడి తూర్పు తీరం పొడవునా ఇసుకతిన్నెల మధ్య ఇసుకరాతి కొండచరియలు సముద్రంలోకి చొచ్చుకొని ఉంటాయి. వాటి అడుగున మెట్లలాగా, అరుగులలాగా బండలు. మారుబ్రా దగ్గర అటువంటి ఒక అరుగు మీద, ఒక చలికాలపు ఉదయం, మోకాలెత్తు బూట్లు తొడుక్కొని పొడవాటి కర్ర పట్టుకొని నిలబడిన ఒక పెద్దాయనను చూశాను. ఎన్నో ఏళ్ళ కిందట కొరియా నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. ఆయన కర్ర హఠాత్తుగా వంగింది. వంగడమంటే మా కాలువ మీద వంగినట్టు కాదు, విరిగిపోతుందేమో అన్నంతగా. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, మోచేయి పొట్టకు ఆనించి, పళ్ళు బిగబట్టి లాగారు. పది సెకన్లలో అంతా తేలిపోయింది. నురుగులోంచి బొగ్గులా నల్లని చేప ఒకటి బండమీదికి వచ్చి పడింది. నేను ఆ రోజే చెడిపోయాను.

దాని పేరు రాక్ బ్లాక్‌ఫిష్. బండల మీది జాలరులు బ్లాక్ డ్రమ్మర్ అంటారు, ముద్దుగా ‘పిగ్’ అని కూడా. పంది అన్న పేరు దాని ఆకారానికి వచ్చిందో, మొండితనానికి వచ్చిందో గాని రెండింటికీ సరిపోతుంది. పొట్టి మూతి, దిట్టమైన తోక, ఒళ్ళంతా కండ. అలలు బండకు కొట్టుకొని తెల్లగా మరిగే చోటే దాని నివాసం. నాచు మేస్తుంది, రాతికి అంటుకొని బతికే కంజివాయ్ అనే జీవిని పీక్కు తింటుంది. సముద్రం ప్రశాంతంగా అద్దంలా ఉన్న రోజున అది గుహలోంచి బయటికి రాదు. నురుగు దానికి దుప్పటి. కాబట్టి దానిని పట్టదలచినవాడు సముద్రం కాస్త కోపంగా ఉన్న రోజునే వెళ్ళాలి. ఈ చేపతో వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉంది.

పట్టే పద్ధతి చెబితే నవ్వుతారు. ఎండిన రొట్టెను బకెట్టులో నానబెట్టి పిసికి, గుప్పెళ్ళతో నురుగులోకి విసురుతుండాలి. ఆ వాసనకు చేపలు బండ అంచుకు చేరతాయి. గాలానికి మరో రొట్టెముక్కో, ఒలిచిన రొయ్యో గుచ్చి, చిన్న సీసపు గుండు కట్టి, అల వెనక్కి తీసేటప్పుడు జారవిడవాలి. (ఒలిచిన రొయ్యను చేపలకు ఎరగా వేయడం మా ఇంట్లో ఇప్పటికీ క్షమించరాని నేరమే.) పది, పదిహేను కిలోల బరువు మోసే దారం వాడతారు. మూడు కిలోల చేపకు అంత దారమెందుకని మొదట్లో నేనూ అడిగాను. ఎందుకంటే ఇది దూరంగా పరుగెత్తదు. దూరంగా పరుగెత్తే చేప అయితే నడిసంద్రం వైపు దారం లాక్కుపోతుంది, మనిషికి ఊపిరి తీసుకొనే వ్యవధి ఉంటుంది. ఇది గాలం తగిలిన మరుక్షణం నేరుగా కిందికి, తన గుహలోకి దూకుతుంది. గుహ మన కాళ్ళకిందే ఉంటుంది. దారం ఒక్కసారి రాతి అంచుకు గాని, గుల్లలకు గాని రాసుకుందా, తెగిందే. రీలు వదలకూడదు, కర్ర దించకూడదు. ఆ తొలి కొద్ది క్షణాలలో దాని తల పైకి తిప్పగలిగితే మనది, లేకపోతే దానిది.

చట్టం ప్రకారం ముప్ఫై సెంటీమీటర్లకు తక్కువైనదాన్ని వదిలెయ్యాలి, ఒక మనిషి రోజుకు పదికి మించి పట్టరాదు. పది పట్టినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. పట్టగానే నెత్తురు కార్చి, అక్కడే పొట్ట శుభ్రం చేయాలి, ఆలస్యమైతే మాంసానికి నాచు వాసన పడుతుంది. ఆ మిగిలిన కాస్త వాసనకూ చింతపండు పులుసే విరుగుడని మా ఆవిడ కనిపెట్టింది.

ఇక 2015 జులై సంగతి. ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి లేదు. గాలి లేకపోతే అలలుండవనుకోవడం కాలువగట్టు తెలివి. ఎక్కడో టాస్మన్ సముద్రంలో రెండు రోజుల కిందట రేగిన తుఫాను తాలూకు అలలు నిర్మలాకాశం కిందికి కూడా తాపీగా వచ్చి చేరతాయి. అవి గుంపులుగా వస్తాయి. పావుగంటసేపు బండ అంచును నాకి పోతాయి, తరువాత నాలుగు పెద్దవి వరసగా వచ్చి మీదికెక్కుతాయి. అందుకే పెద్దాయన వచ్చీరాగానే కర్ర బిగించేవారు కాదు. పైన అరగంట కూర్చొని చూసేవారు. “తడి ఎంతవరకుందో చూడు” అనేవారు. ఎండ కాస్తున్నా బండ తడిగా ఉందంటే అల అక్కడిదాకా వచ్చి వెళ్ళిందన్నమాట.

ఆ రోజు నాకు పెద్దది తగిలింది. తల తిప్పాను కూడా. కాని దారం కింది అరుగు అంచుకు చిక్కుకుంది, చేప అవతల కొట్టుకుంటోంది. రెండు గజాలు కిందికి దిగి కర్ర పక్కకు వంచితే చిక్కు వీడుతుంది. ఆ అరుగు తడిగా ఉందని చూశాను. చూసే దిగాను. దీన్ని తెలియనితనమని ఇంట్లో చెప్పాను గాని, అది అబద్ధం.

మొదటి అల మోకాళ్ళ దాకా వచ్చింది. రెండవది నడుము పట్టుకొని లాగింది. నల్లనాచు మీద మేకుల బూట్లు కూడా నిలవలేదు. గుల్లల మీద వెల్లకిలా జారుతూ, అంచు అవతల నీరు ఒక్కసారిగా లోతుకు దిగిపోవడం చూశాను. అంతలో ఎవరో నా చొక్కా మెడ పట్టుకున్నారు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, చేపను లాగిన పద్ధతిలోనే నన్నూ లాగారు, మోచేయి పొట్టకు ఆనించి. కొండచరియ మీద ఒక కంబానికి గుండ్రటి ఏంజెల్ రింగ్ వేలాడుతూనే ఉంది. నీళ్ళలో పడినవాడికి విసిరేందుకు జాలరుల సంఘం వారు ఇటువంటివి తీరమంతా పెట్టించారు. దాన్ని అందుకొనే లోపల నా కథ ముగిసేదే.

ఆయన తిట్టలేదు. నా కర్ర ఏమైందని కూడా అడగలేదు. సామాను సర్దుకొని వెళ్ళిపోయారు. ఆ తరువాత మూడు వారాలు నాతో మాట్లాడలేదు.

వీపంతా గీతలు. “బండమీద జారాను” అన్నాను. మా ఆవిడ పసుపు రాస్తూ ఏమీ అనలేదు. ఆదివారం నాన్నగారితో ఫోనులో మాట్లాడుతుంటే పక్కనుండి మా అమ్మాయి చెప్పేసింది. ఆయన కొంతసేపు ఊరుకొని, “ఎన్ని కిలోలుంటుందిరా అది?” అని అడిగారు. మూడో నాలుగో అన్నాను. “చేపకు కాదురా నేను అడిగింది నీ బుద్ధికి” అంటారేమోనని ఎదురుచూశాను. “ఊఁ” అని ఫోను మా అమ్మకు ఇచ్చేశారు.

మరుసటి ఏడు, 2016లో, ఈ రాష్ట్రంలో చట్టం వచ్చింది. ప్రమాదకరమని ప్రకటించిన తీరాలలో బండల మీద చేపలు పట్టేవారు లైఫ్ జాకెట్ వేసుకొని తీరాలి. మొదట అమలైంది మారుబ్రా ఉన్న రాండ్విక్ నగరపాలక పరిధిలోనే. మా బండ మీద చాలామంది సణిగారు. చేతులు ఆడవని, స్వేచ్ఛ పోయిందని, తరతరాలుగా లేని బెడద ఇప్పుడేమిటని. ఏడాది ముందైతే నేనూ ఆ గుంపులోవాణ్ణే. జాకెట్ వేసుకుంటే చేతులు కాస్త ఇరుకైన మాట నిజం. అది నీళ్ళలో పడ్డాక తేలుస్తుందే గాని, పడకుండా ఆపదు. ఆ మాట ఎవరూ అనకపోవడమే నాకు వింతగా తోచింది.

మొన్నటి చలికాలంలో మళ్ళీ అదే చోట, అదే రకంగా దారం చిక్కుకుంది. చేప బరువు చేతికి తెలుస్తూనే ఉంది, మంచిదే. కింది అరుగు తడిగా ఉంది. పై అరుగు మీదే నిలబడి కర్ర ఎత్తి పట్టుకున్నాను. ఎంతసేపో తెలియదు. దారం రాతిమీద గరగరమని రాసుకోవడం వేళ్ళకు వినిపిస్తోంది. చివరికి తెగింది. పెద్దాయన ఇప్పుడు చేపలు పట్టడం లేదు. మోకాళ్ళు సహకరించవు. పైన మడత కుర్చీలో కూర్చొని చూస్తారు. వెనక్కి తిరిగి ఆయన వైపు చూడాలనిపించింది గాని, సముద్రానికి వీపు పెట్టకూడదని ఆయనే చెప్పారు. రీలు చుట్టుకుంటూ నిలబడ్డాను.

కారు దగ్గరికి వచ్చాక ఫోను మోగింది.

“చింతపండు నానబెట్టనా?”

“వద్దు. ఇవాళ్టికి పప్పు వండు.”