చెప్పుకొన్న శౌర్యము, చెప్పని సేవ

వేలూరు కోట అగడ్త ప్రక్కన నడచువారికి సైనికుల కథలు క్రొత్తవి కావు. చిన్న బొమ్మి నాయకుని పేరుతో ముడివడిన ఈ కోటలో విజయనగరపు భటులు, బీజాపురము వారు, మహారాష్ట్రులు, ఆర్కాటు నవాబు సేనలు, కుంపిణీ సిపాయిలు ఒకరి వెనుక నొకరు కాపురముండి పోయిరి. ఆ గాలి సోకినందుననో ఏమో, మన ప్రాంతమున పటాలమునకు పోవుట నేటికిని గౌరవమైన వృత్తి. వేలూరునకు చేరువలోని కమ్మవాన్‌పేట పేరు వినగానే మన చెవికి తెలుగు ధ్వనించును. ఆ యూరి ఇండ్లనుండి తరతరములుగా సైన్యమున చేరినవారు అనేకులగుటచే ఇరుగుపొరుగువారు దానిని సైనికుల పేటగా చెప్పుకొందురు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరమునకు ‘మిలిటరీ మాధవరము’ అను పేరు వచ్చినదియు ఇట్లే.

మంచి నాణెము చెల్లుబాటగు సంతలోనే దొంగ నాణెమును పుట్టును. సైనికునికి గౌరవమున్న చోటనే, సైనికుడు కానివాడు తాను సైనికుడనని చెప్పుకొనును. ఈ వ్యాసమునకు విషయము ఆ రెండవవాడు. అతనిని గురించి చెప్పుచు మొదటివానిని గుర్తు చేయుట నా యుద్దేశము.

బ్రతుకుదెరువునకై నేను 1979 మొదలు పదునాలుగేండ్లు దుబాయిలో ఒక వర్తక సంస్థవారి లెక్కలు వ్రాసితిని. ఆ కాలమున అనుమతి గల హోటళ్ళలోని పానశాలలే పరదేశులకు సాయంకాలపు రచ్చబండలు. నాకు త్రాగు అలవాటు లేకున్నను, తోడి ఉద్యోగుల వెంట పోయి నిమ్మరసము ముందు పెట్టుకొని కూర్చుండుట కలదు. అచ్చట విన్నన్ని వీరగాథలు పలనాటి కథ చెప్పువారి నోటనైనను నేను వినలేదు. ఒకడు మలయా అడవులలో నెలల తరబడి ఆకులు తిని పోరాడితిననును. మరియొకడు ఒమాను దేశపు ధోఫారు కొండలలో ఒంటరిగా శత్రువుల నెదిరించితిననును. మూడవవాడు ఏమియు చెప్పక, చెప్పరాని సంగతులు తన కడుపులో నున్నవని తెలియునట్లు నిట్టూర్చును. వారిలో కొందరు నిజముగానే సైనికులై యుండవచ్చును. కాని అందరును ఎస్.ఏ.ఎస్. అను ప్రత్యేక దళమునకు చెందినవారగుటయే విచిత్రము.

ఆ దళము 1941లో ఆఫ్రికా ఎడారిలో పుట్టినది. 1980 మే 5వ తేదీన లండను నగరమందలి ఇరాను రాయబార కార్యాలయములో చిక్కిన బందీలను విడిపించుటకై, ఆ దళమువారు నల్లని ముసుగులు ధరించి, మేడమీది వసారా నుండి లోనికి చొరబడిరి. ఆ దృశ్యమును టెలివిజనులో లోకమంతయు చూచెను. ఆ వసారాలో తానుంటినని చెప్పుకొనువారందరును నిజముగా అచ్చట నిలిచియుండినచో అది ఆ బరువునకే కూలియుండెడిదని ఆంగ్లేయులే పరిహాసమాడుదురు. ముఖము కనిపించని వీరుడు గనుక ఆ ముసుగు ఎవరి ముఖమునకైనను సరిపోయెను.

ఇట్టివారి మాటలను చాలకాలము వినగా నాకు రెండు మూడు సంగతులు తేటపడెను. మొదటిది, వీరు కోరుకొను దళము ఎల్లప్పుడును రహస్యమైనది. అడిగినచో ‘చెప్పుటకు వీలులేదు’ అను సమాధానము సిద్ధముగా నుండును. రహస్యము నిజమైన సైనికునికి కట్టుబాటు, వీరికి మాత్రము కవచము. రెండవది, అబద్ధపు సైనికులలో వంటవాడు లేడు, చాకలి లేడు, కంచరగాడిదలను తోలినవాడు లేడు, కచేరీలో చీటీలు వ్రాసినవాడు లేడు. సైన్యము కడుపుమీద నడచునందురు గాని, వీరి సైన్యమునకు కడుపే లేదు. మూడవది, ఈ కథలు సొంత యూరిలో బ్రతుకవు. తండ్రిని, తాతను, వారి అప్పులను ఎరిగినవారి నడుమ మనుష్యుడు తన కొలతకు మించి పెరుగలేడు. సముద్రము దాటినవానికి ఆ తూనిక తప్పిపోవును.

ఈ జబ్బు తెల్లవారికే పరిమితమని తలంపరాదు. 1984లో నేషనల్ సెక్యూరిటీ గార్డు ఏర్పడి, ‘బ్లాక్ క్యాట్’ అను మాట పత్రికలలో మారుమ్రోగిన పిమ్మట, మనవారి గదులలోనికిని నల్లపిల్లులు ప్రవేశించెను. గుడియాత్తము వైపు తెలుగువాడొకడు అచ్చట ఒక గిడ్డంగికి కావలి యుండెను. శుక్రవారము సెలవునాడు పదిమంది ఒకచోట చేరి వండుకొని తినునప్పుడు, అతడు తాను కమాండోనని చెప్పి, విమానములనుండి దూకిన వైనములను వర్ణించుచుండెను. కుర్రవాండ్రు అతనిని ‘కమాండో అన్నా’ అని పిలిచెడివారు. వడ్డనలో మొదటి ముక్క అతనికే. కొంతకాలమునకు అతని వీథివాడే యొకడు క్రొత్తగా పనికి వచ్చెను. ఊరగాయ జాడీ చేతికిచ్చుచు, ఏ కల్మషమును లేక, “ఏమన్నా, మీ నాయన పోయినాక మగ్గాలు అమ్మేసినారంట గదా, మా అమ్మ చెప్పింది. అప్పు తీరిందా?” అని అడిగెను.

గది నిశ్శబ్దమైపోయెను. ఎవరును నవ్వలేదు. ఆ మరుసటి శుక్రవారము నుండి అతడు మాతో భోజనమునకు రాలేదు. గుడియాత్తపు లుంగీ ఎంత పేరు గన్నదో, చేమగ్గమును మరమగ్గము ఎట్లు మ్రింగినదో మనకు తెలియును. అతడు పదేండ్ల ప్రాయమునుండి నేత నేర్చినవాడట. తెగిన పోగును చీకటిలో తడవి ముడివేయగలవాడట. ఆ పనితనము అతనికి నిజముగా కలదు. కాని దానిని చెప్పినచో ఆ గదిలో ఎవరును మొదటి ముక్క పెట్టరని అతడు గ్రహించెను. అబద్ధమాడినవాని తప్పు అతనిదే. ఐనను నేతగానికి చోటులేని పంక్తిలో కమాండోకు పీట వేసిన మన తప్పును కొంత కలదు.

ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. తిక్కన తెనిగించిన విరాటపర్వమున ఉత్తరకుమారుడు అంతఃపురకాంతల యెదుట పలికిన పలుకులును, కౌరవసేనను కంటితో చూచిన పిమ్మట రథము దిగి పరుగెత్తిన తీరును మన పిల్లలకు గూడ తెలిసినవే. కాని ఆ కథలో రెండవ సగమును మనము తరచుగా మరచుచున్నాము. అదే రథముమీద నిజమైన వీరుడు, నాట్యము నేర్పు బృహన్నలగా, నోరు మెదపక కూర్చుండియున్నాడు. గెలిచిన పిమ్మటను ఆ గెలుపు ఉత్తరునిదేయని చెప్పుమని ఆతడే కోరెను. ప్రగల్భములకు ఉత్తరుని పేరు సామెతయైనది. మౌనమునకు బృహన్నల పేరు సామెత కాలేదు. మనము ఎవరి మాటలను ఎక్కువగా చెవిని పెట్టుదుమో దీనివలననే తెలియుచున్నది.

అట్టి బృహన్నల యొకడు మా యింటనే యుండెను. మా మేనమామ రెండవ ప్రపంచయుద్ధమున మద్రాసు శాపర్ల దళములో బర్మా రంగమునకు పోయి వచ్చెను. బాల్యమున మేము కథ చెప్పుమని వేధించినప్పుడు ఆయన, “ఏముందిరా చెప్పేదానికి? వాన, బురద, దోమలు. పగలు వంతెన కట్టేది, రాత్రి పడుకొనేది. మావాళ్ళు కొందరు తిరిగి రాలేదు. పోయి చదువుకో పో” అనుచుండెను. వీథిలో నెవరైనను మర్యాదకు సుబేదారుగారని పిలిచినచో, “నాయక్‌నే నాయనా, సుబేదారును కాను” అని అప్పటికప్పుడు దిద్దెడివాడు. ఆయన గతించిన పిమ్మట పెట్టెలో డిశ్చార్జి పుస్తకము కనబడెను. అందు ఆయన పని వడ్రంగమని వ్రాసియుండెను. బర్మా నదులమీద సేనలను దాటించిన వంతెనలకు మేకులు కొట్టినవాడు మా మామ. నిజమైనవాడు తన హోదాను ఉన్నచోటికి దించును, అబద్ధీకుడు లేనిచోటికి ఎక్కించును. నాకు తెలిసినంతలో ఇంతకు మించిన పరీక్ష లేదు.

‘చెప్పుకొని సంతోషించునొక మాటవలన ఎవరికి నష్టము?’ అని కొందరందురు. చట్టమును కొంతవరకు అట్లే తలంచినది. సైనికుని దుస్తులు గాని చిహ్నము గాని ధరించి సైనికుడనని నమ్మించువానికి మన పాత శిక్షాస్మృతి 140వ విభాగము మూడు నెలల వరకు ఖైదు గాని, 500 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధించెను. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 168వ విభాగమై, జరిమానా 2000 రూపాయల వరకు పెరిగెను. ఈ విభాగము పట్టుకొనునది వేషమును. వట్టి మాటను కాదు. అమెరికాలో ఒక నీటి సరఫరా మండలి సభ్యుడు తనకు ఆ దేశపు అత్యున్నత శౌర్యపతకము వచ్చినదని సభలో అబద్ధమాడెను. అబద్ధమాడినంత మాత్రమున శిక్షింపరాదని అచ్చటి సుప్రీముకోర్టు 2012లో తీర్పు చెప్పెను. అట్టి అబద్ధముతో ధనమో లాభమో పొందజూచుట నేరమని 2013లో అచ్చటివారు క్రొత్త చట్టము చేసికొనిరి.

ధనముతో కూడిన అబద్ధము మన గడపకును వచ్చినది. గుడియాత్తములో నేనెరిగిన ఒక కుటుంబము, సైన్యములో పెద్ద అధికారినని చెప్పినవాని మాట నమ్మి, కొడుకు ఉద్యోగమునకై కూతురి పెండ్లికి దాచిన సొమ్మును ధారపోసెను. సైన్యమున చేరుటకు ఎవరికిని లంచమీయ నక్కరలేదని ఆ తండ్రికి ఎవరును చెప్పలేదు. ఆ బిడ్డ పెండ్లి మూడేండ్లు వెనుకబడెను.

ధనము లేని అబద్ధమునకును ఖరీదు కలదు. దానిని చెల్లించువాడు వేరొకడు. వరుసకు నాకు పెదనాయన యగు ఒకాయన మలయాలో రబ్బరు తోటలో పనిచేయుచు, 1943లో సుభాసుచంద్రబోసు పిలుపు విని ఆజాద్ హింద్ ఫౌజులో చేరెను. యుద్ధానంతరము శిబిరములో బందీయై, 1946లో వట్టి చేతులతో ఓడ దిగెను. 1972లో స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను ఏర్పడినప్పుడు కొడుకుల బలవంతముమీద ఒక కార్యాలయమునకు పోయెను. తోడి ఖైదీల ధ్రువపత్రము కావలెననిరి. తోడివారెవ్వరు బ్రతికియున్నారో ఆయనకే తెలియదు. అచ్చటి గుమాస్తా, “ఇట్లా చెప్పుకొనేవాళ్ళు రోజుకు పదిమంది వస్తారు, పెద్దాయనా” అనెను. ఆయన మారు పలుకక ఇంటికి వచ్చి, తిరిగి ఆ గడప త్రొక్కలేదు. ఆ గుమాస్తా మాట వట్టిదియు కాదు. హైదరాబాదు విమోచనములో పాల్గొంటిమని మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో పలువురు తప్పుడు పత్రములతో పింఛను పొందిన వ్యవహారము సుప్రీముకోర్టు దాకా పోయి, 2005లో తీర్పు వచ్చెను. పదిమంది అబద్ధీకులు వాడుకొన్న నమ్మకము, పదునొకండవవాడు నిజము చెప్పునప్పటికి అడుగంటియుండెను.

వేషమునకు, మనిషికి గల భేదమును వేలూరు కంటె బాగుగ ఎరిగిన యూరు అరుదు. బొట్టు తుడుచుకొనుమనియు, గడ్డము గొరిగించుకొనుమనియు, క్రొత్త తలపాగా పెట్టుకొనుమనియు దొరలు ఉత్తర్వు చేయగా, 1806 జూలై 10న ఈ కోటలోని సిపాయిలు తిరుగబడి వందలకొలది మడిసిరి. వారికి ఆ వేషము ప్రాణముతో సమానమైన ప్రశ్న. ఉత్తరాదిన కుంపిణీ సిపాయికి ‘తిలంగా’ అను పేరు వచ్చినదియు మనవారివలననే. దక్షిణమునుండి వంగదేశమునకు పోయిన తొలి సిపాయిల పేరు, తెలుగు ముక్క రాని సిపాయిలకు గూడ కాలక్రమమున అంటుకొనెను. ఇక, ఈ యూరినుండి 277 మంది 1914-18 మహాయుద్ధమునకు పోయిరనియు, అందు 14 మంది ప్రాణములిచ్చిరనియు తెలుపు శిలాఫలకమొకటి వేలూరులో కలదు. ఆ రెండు సంఖ్యల ప్రక్కన ఏ పానశాలలోని కథయు నిలువదు.

కడపటి మాట మన కుటుంబములకు. మనలో ప్రతి యింటివారును విజయనగరపు దళవాయి సంతతివారమనియే చెప్పుకొందుము. సేనవెంట నేతగాండ్రు రాలేదా? కోమట్లు, వడ్డెరలు, కుమ్మరులు, వంటవారు రాలేదా? కోటకు రాళ్ళు మోసినవారి సంతతి యెవరు? ‘మా తాతలు నేతులు త్రాగినారు, మా మూతులు వాసన చూడండి’ అను సామెత తెలుగునాట పుట్టినదే గాని పరాయిది కాదు. ఊరు కాని ఊరిలో తల యెత్తుకొని బ్రతుకుటకు మన పూర్వులకు ఆ కథ అవసరమయ్యెనేమో! దుబాయి గదిలోని నేతగానికి వలెనే. ఇన్ని తరములు ఇచ్చట వేరూనిన పిమ్మట మనకు ఆ ఊతకఱ్ఱతో పనిలేదు.

కావున మన సంఘమువారికి నాదొక విన్నపము. ఇండ్లలోని పాత ట్రంకుపెట్టెలు తెరిపింపుడు. డిశ్చార్జి పుస్తకములు, పతకములు, ఉత్తరములు చెదలు పట్టకమునుపే వెలికి తీయింపుడు. పతకము అంచున చెక్కిన సంఖ్యను, పేరును కాగితముమీద ఎక్కింపుడు. సిపాయిని సిపాయి యనియు, వడ్రంగిని వడ్రంగి యనియు, వంటవానిని వంటవాడనియు ఉన్నదున్నట్లు వ్రాయింపుడు. పత్రములు లేనివారి మాటను గూడ, పదిమంది కోసము చెవులు మూసికొనక, ఓపికతో వినుడు. మా పెదనాయన వంటివారు ఇంకను ఎవరింటనైనను జ్ఞాపకముగానైన మిగిలియున్నచో, వారి కథను మనము వ్రాయకున్న వేరెవ్వరును వ్రాయరు.