ఉక్కు ఊళ్లో మట్టి గుర్రం

భిలాయిలో ప్రతిదానికీ ఓ లెక్క ఉంటుంది. టౌన్‌షిప్‌లో సెక్టార్లకు నంబర్లు, కర్మాగారంలో షిఫ్టులు, యంత్రాలకు మరమ్మతు గడువులు. సోవియట్ సహకారంతో నిర్మించిన ఈ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు సహా ఇక్కడ రెండు మూడు తరాలు యంత్రాల బాగోగులు చూస్తూనే బతికాయి. కుర్రకారుకు మోటోక్రాస్ బైక్ మీద మోజు పుడితే ఆ ఇంటి అనుభవమే అక్కరకొస్తుంది. ఈ బండి వయసును కిలోమీటర్లతో కాదు, ఇంజన్ నడిచిన గంటలతో లెక్కగడతారు మరి.

ఒకప్పుడు ఈ క్రీడలో టూ-స్ట్రోక్ బళ్లదే రాజ్యం. 1998లో యమహా వైజడ్400ఎఫ్ రాకతో గాలి ఫోర్-స్ట్రోక్ వైపు మళ్లింది. తక్కువ వేగంలోనూ లాగుడు బాగుంటుంది, బురదలో చక్రం పట్టు తప్పదు. చిక్కల్లా మరమ్మతు దగ్గరే. టూ-స్ట్రోక్‌లో పిస్టన్ మార్పు చిన్న పని. ఫోర్-స్ట్రోక్‌లో పిస్టన్ విరిగిందంటే వాల్వులు, సిలిండర్ హెడ్ కూడా పోవచ్చు. ఆ బిల్లు చూస్తే గుండె గుభేలే.

దల్లీ-రాజహరా గనుల వైపు ఎర్రమట్టి, వేసవి దుమ్ము ఈ ఇంజన్లకు బద్ధశత్రువులు. ఫిల్టర్ దాటి లోపలికెళ్లిన దుమ్ము వాల్వులను అరగదీస్తుంది. అందుకే నడిపిన ప్రతిసారీ ఫోమ్ ఫిల్టర్ కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. కొద్ది గంటలకే ఆయిల్ మార్చాలి. వాల్వ్ క్లియరెన్స్, చైన్, స్పోకులు చూసుకోవాలి. గడువు రాగానే, బాగానే ఉందనిపించినా, పిస్టన్ మార్చాలి.

కొనేటప్పుడు మోజు కంటే లెక్కే ముఖ్యం. దిగుమతి అయ్యే కవాసాకి కేఎక్స్250 షోరూం ధరే 7 లక్షల పైమాట. పైగా దీనికి రిజిస్ట్రేషన్ ఉండదు. సుపేలా దగ్గర రోడ్డు దాటాలన్నా వ్యాన్‌లో ఎక్కించాల్సిందే. సెకండ్‌హ్యాండ్‌దైతే చల్లని ఇంజన్‌ను ఎదురుగా స్టార్ట్ చేయించాలి. వెళ్లేసరికే వేడెక్కి ఉంటే అనుమానించాలి. గంటల మీటర్, సర్వీసు బిల్లులు, కస్టమ్స్ కాగితాలు అడగాలి.

రిటైరైన తండ్రి పీఎఫ్ సొమ్ముతో అంత దూరం వెళ్లలేని వారికి 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200 లాంటివి మేలు. ఎత్తయిన గెంతులకు పనికిరాకపోయినా మట్టిదారిలో మెలకువలు నేర్పుతాయి, మర్నాడు ఆఫీసుకూ తీసుకెళ్తాయి. కేఎక్సే కావాలంటే మాత్రం బండి ధరతోపాటు మొదటి పిస్టన్ ఖర్చునూ ముందే పక్కన పెట్టుకోవాలి.