మన ఊరి పేరు ఉందా?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకాలో అంకిస అనే ఊరు ఉంది. గోదావరికి అవతల తెలంగాణ. కచేరీలో దరఖాస్తు మరాఠీలో రాసి ఇచ్చిన మనిషే ఇంటికి వచ్చి పిల్లలను తెలుగులో మందలిస్తాడు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఆడపడుచులు పాడేదీ తెలుగే.

ఆ ఊళ్లో ఒక ఉపాధ్యాయుడు సాయంత్రం పూట తన ఇంటి అరుగు మీద పిల్లలను కూర్చోబెట్టుకొని తెలుగు పుస్తకాల ముచ్చట్లు చెప్పేవాడు. ఒకనాడు గోలకొండ కవుల సంచిక సంగతి ఎత్తుకొన్నాడు.

నిజాం పాలనలో హైదరాబాదు రాజ్యపు అధికార భాష ఉర్దూ. కచేరీలలోనూ, పెద్ద చదువులలోనూ తెలుగుకు చోటు లేదు. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోగా సభలోని కొందరు గేలిచేసి ఆయనను మాట్లాడనీయలేదు. మనసు నొచ్చుకొన్న తెలుగువారు కొందరు వెంటనే ఒకచోట చేరి ఆంధ్రజన సంఘానికి పునాది వేశారు. అయిదేళ్ల తరువాత, 1926 మే 10న, సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వాన గోలకొండ పత్రిక వెలువడింది.

ఆ రోజులలోనే ఒక పండితుడు నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్నట్లు రాశాడు. అది చదివి చాలామందికి కోపం వచ్చింది. కోపంతో ఒక ఘాటైన వ్యాసం రాసి ఊరుకోవచ్చు. ప్రతాపరెడ్డి అట్లా ఊరుకోలేదు. కవుల పేర్లు, ఊర్లు, పద్యాలు సేకరించడానికి పూనుకొన్నారు. ఇప్పటివలె ఫోను ఎత్తి అడిగే వీలున్న కాలం కాదు. ఉత్తరం ఒక్కటే ఆధారం. పల్లెలో ఉండి పద్యాలు రాసుకొని పెట్టెలో దాచుకొన్నవారిని బయటికి రప్పించడం ఎంత పనో ఊహించుకోవలసిందే. 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చయింది. అందులో లెక్కకు వచ్చిన కవులు 354 మంది. వారిలో స్త్రీలు కూడా ఉన్నారు. లేరన్న మాటకు అంతకు మించిన జవాబు ఏముంటుంది!

ఈ ముచ్చట విన్న పిల్లలలో ఒక అమ్మాయి లేచి, “సారూ, అండ్ల మన అంకిసోల్లు ఎవలన్న ఉన్నరా?” అని అడిగింది.

ఉపాధ్యాయుడు కొంచెం తటపటాయించాడు. ఉన్నారని చెప్పి పిల్లను సంతోషపెట్టడం తేలిక. కాని ఆయన నిజమే చెప్పాడు. ఆ సంచిక నిజాం రాజ్యంలోని కవుల కోసం తలపెట్టినది. సిరొంచ ప్రాంతం కూడా ఒకప్పుడు నిజాం చేతిలోనిదే. 1860లో జరిగిన ఒడంబడికతో అది ఇంగ్లీషువారికి దక్కింది. మొదట ఎగువ గోదావరి జిల్లాగా ఉండి, తరువాత చాందా జిల్లాలో కలిసింది. సంచిక వెలువడిన 1934 నాటికి గోదావరికి ఆ ఒడ్డు ఒక రాజ్యం, ఈ ఒడ్డు మరొక రాజ్యం. భాష ఒకటే అయినా ఈ ఒడ్డు ఊళ్లు ఆ లెక్కలో చేరేవి కావు.

“గట్లయితే మనోళ్లను ఎవలు లెక్కవెట్టాలె?” అన్నది ఆ అమ్మాయి. ఉపాధ్యాయుడు జవాబు చెప్పేలోగా మళ్లీ తనే, “మా నాయినమ్మకు నాటు పాటలు బాగ వస్తయి. ఆమె కవి అయితదా?” అన్నది.

ఇది మరింత చిక్కు ప్రశ్న. గోలకొండ కవుల సంచిక నాటికి కవి అంటే పద్యం రాసేవాడనే ఎక్కువమంది తలంపు. వరినాటు వేస్తూ, దంచుతూ, విసురుతూ పాడేవారిని కవులుగా ఎవరూ ఎంచలేదు. ఆ లోటు తీర్చడానికి పాటుపడిన వారిలో వరంగల్లు జిల్లాకు చెందిన బిరుదురాజు రామరాజు ఒకరు. ఆయన జానపద గేయాలనే తన పరిశోధనకు విషయంగా తీసుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. అక్షరం రాని వారి పాటలు ఆ విధంగా విశ్వవిద్యాలయం మెట్లెక్కాయి.

మరునాడు ఆ అమ్మాయి నోటుపుస్తకంలో గీతలు గీసి మూడు గళ్లు చేసింది. ఒకటి పేరుకు, ఒకటి ఊరికి, ఒకటి పాటకు. పుస్తకం పట్టుకొని నాయినమ్మ ముందు కూర్చుంది. ముసలమ్మ రెండు చరణాలు పాడి ఆగిపోయింది. ఎంత గుర్తు చేసుకొన్నా మూడోది నోటికి రాలేదు.

“కూసుండి పాడుమంటె పాట రాదు బిడ్డా. నాటేసేటప్పుడు రా” అన్నది.

వానలు పడ్డాక ఆదివారం నాడు అమ్మాయి పొలానికి వెళ్లింది. పుస్తకం తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టుకొని ఒడ్డు మీద కూర్చుంది. బురదలో వంగిన ఆడవాళ్లలో ఒకరు ఎత్తుకొంటే తక్కినవారు అందుకొన్నారు. నాయినమ్మ ఇంటి దగ్గర మరిచిన చరణం నారు పట్టుకొన్న చేతితో పాటు తానే వచ్చింది. ఒకరు ఒక మాట అంటే ఇంకొకరు కాదని మరో మాట అన్నారు. అమ్మాయి రెండూ రాసుకొన్నది. ఏది అసలుదో తేల్చడం ఆమె వల్ల కాలేదు.

సాయంత్రం పేరు రాయవలసిన గడి దగ్గర మళ్లీ చిక్కు వచ్చింది. పాట కట్టినది ఎవరని అడిగితే, “నాకు మా అవ్వ నేర్పింది, ఆమెకు ఎవలు నేర్పిన్రో” అన్నది నాయినమ్మ. ఆ అవ్వ పుట్టిల్లు నది అవతలి ఊరట. అప్పుడు వంతెన లేదు కాబట్టి పడవెక్కి కాపురానికి వచ్చిందట. అమ్మాయి కాసేపు ఆలోచించి మొదటి గడిని ఖాళీగా వదిలేసింది. రెండో గడిలో అంకిస అని రాసి, దాని కింద కొంచెం చోటు ఉంచుకొని, అవ్వ పుట్టింటి ఊరు పేరేమిటని అడగడానికి మళ్లీ లోపలికి వెళ్లింది.