సముద్రపు గాలి – పాత అంబాసిడర్

విశాఖపట్నం వెళ్లినవారు రామకృష్ణా బీచిలో నాలుగడుగులు వేయకుండా తిరిగి రారు. ఒక ప్రక్క బంగాళాఖాతం, దూరాన డాల్ఫిన్ నోస్ కొండ, ఒడ్డున ఇసుక మీద దాదాపు 91 మీటర్ల పొడవున కురుసుర జలాంతర్గామి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002 నుంచి ప్రదర్శనశాలగా విశ్రాంతి తీసుకొంటున్నది. విశ్రాంతి అన్నమాటే గాని, ఉప్పుగాలి దానిని ఊరకే ఉండనీయదు. రంగులు పూస్తూ ఉండవలసిందే. అంతటి దానికే తప్పనప్పుడు పెదవాల్తేరులో మా బావగారి అంబాసిడరుకు తప్పుతుందా?

ఆ కారు 1972 నాటిది. బావగారి తండ్రి కొన్నది. ఆ యింటి ఆడపిల్లలు ముగ్గురూ దానిలోనే అత్తవారింటికి వెళ్లారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950లలో మొదలై, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 2014 దాకా తయారైన ఆ బండి ఇక కొత్తది దొరకదు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు మాత్రం, "పాత ఇనుము వాడికి ఇచ్చేయండి నాన్నా!" అని ఫోను చేసినప్పుడల్లా అంటాడు. బావగారు జవాబు చెప్పరు. అక్కయ్య మాట మారుస్తుంది. మొన్న వేసవిలో నేను వెళ్లేసరికి, తగవు తీర్చడానికి ఒక టింకరింగు మేస్త్రీని పిలిపించారు.

మేస్త్రీ రంగువంక చూడనైనా లేదు. కాళ్లకింది పట్టాలు ఎత్తి, స్క్రూడ్రైవరు పిడితో నేలరేకును తట్టుకొంటూ పోయాడు. ఖంగుమన్న చోట గట్టి. బొదబొదమన్న చోట పుచ్చు. ఎడమవైపు తలుపుల కింద గడపలాంటి భాగంలో స్క్రూడ్రైవరు మొన లోపలికి దిగిపోయింది. బావగారి ముఖం వాడిపోయింది.

"రంగు పైన, రోగం లోన బాబూ!" అన్నాడు మేస్త్రీ. లారీకున్నట్లు ఈ కారుకు అడుగున వేరే చట్రం లేదు. రేకుల పెట్టే దాని ఎముకల గూడు. గడప పుచ్చితే పోయేది అందం ఒక్కటే కాదు; లోపల కూర్చున్నవారి ప్రాణానికే ముప్పు.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ప్రాణవాయువు కావాలి. ఉప్పు ఆ పనిని త్వరపెడుతుంది. గాలిలో వచ్చిన ఉప్పు రేకు మీద కూర్చుని తేమను లాగుకొంటుంది. ఉప్పు తిన్నవాడు నీళ్లు త్రాగక తప్పదన్న సామెత రేకులకూ వర్తిస్తుందన్నమాట! తుప్పుకు ఇనుము కన్న ఎక్కువ చోటు కావాలి గనుక రంగు పొక్కులుగా లేస్తుంది. పొక్కు కనబడేసరికి లోపల పని చాలావరకు అయిపోయి ఉంటుంది.

వైద్యం నాలుగు రోజులు సాగింది. పుచ్చిన రేకు కోసి కొత్తది వెల్డింగు చేశాడు. పుచ్చు మీద పుట్టీ పెట్టి రంగు వేస్తే పైన పటారం, లోన లొటారం. మిగిలిన చోట్ల మెరిసే ఇనుము కనబడేదాకా గీకి, గుంటల్లో మిగిలిన మచ్చలకు ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన మందు పూసి, ఆపైన జింకు ప్రైమరు, రంగు వేశాడు. గడపల బోలులోకి, తలుపుల లోపలికి మైనపు పూత చిమ్మాడు. తలుపుల అడుగున నీరు కారిపోయే సన్నని రంధ్రాలు దుమ్ముతో పూడిపోతే తీగతో తెరిచాడు.

పాత కారున్న గృహస్థులు గుర్తుంచుకోవలసినవి కొద్దే. సముద్రతీరానికి వెళ్లివచ్చిన రోజున అడుగుభాగాన్ని, చక్రాల పైని లోవలను మంచినీళ్లతో కడగాలి. తడిసిన పట్టాలు తీసి ఎండబెట్టాలి. తుప్పు మీద తారు పూయరాదు. తేమ లోపలే చిక్కుకొంటుంది. ప్లాస్టిక్ ముసుగు వేస్తే కింద చెమ్మ పడుతుంది. గాలి ఆడే నూలుగుడ్డ మేలు.

ఖర్చెంతయిందో బావగారు అక్కయ్యకు పూర్తిగా చెప్పినట్లు లేదు. తయారైన కారు ఫోటో మేనల్లుడికి పంపారు. సాయంత్రానికి జవాబు వచ్చింది: "దసరాకు వస్తాను. సింహాచలం దీనిలోనే వెళదాం. ఘాటు రోడ్డు కదా, ముందు బ్రేకులు చూపించండి."