భుజబలం

నలభై దాటాక ఒంట్లో ఏయే భాగాలున్నాయో ఒక్కొక్కటిగా తెలిసొస్తుందని మా అమ్మ అంటూ ఉంటుంది. అంతవరకూ మోకాలుందనీ, నడుముందనీ మనకి గుర్తే ఉండదట. నాకు మొన్న సంక్రాంతి వెళ్ళాక కుడి భుజం ఉందని తెలిసింది. అటక మీంచి జాడీ దింపబోతే చెయ్యి సగం దాకా వెళ్ళి, ఇక పైకి రానంది. జడ వేసుకోవడం, జాకెట్టు తొడుక్కోవడం ఎంత పెద్ద పనులో అప్పుడు అర్థమయింది. డాక్టరుగారు నా చెయ్యి అటూ ఇటూ తిప్పి, నేను పెట్టిన కేకలన్నీ ఓపిగ్గా విని, "ఆపరేషను అక్కర్లేదమ్మా, కసరత్తు చెయ్యండి. కండ గట్టిపడితే అదే సర్దుకుంటుంది" అన్నారు.

కసరత్తట! ఈ వయసులో, నవలలు రాసుకునే మనిషిని పట్టుకుని వస్తాదుని చేస్తానంటున్నారు మహానుభావుడు!

జపానులో ఉద్యోగం చేస్తున్న మా అక్కయ్య కొడుకు ఫోను చేసినప్పుడు ఈ గోడంతా వెళ్ళబోసుకున్నాను. వాడు జాలి పడలేదు సరికదా, పకపకా నవ్వాడు. "పిన్నీ, ఇక్కడ ఒక సుమో వస్తాదుకి కూడా డాక్టర్లు అచ్చంగా ఇదే చెప్పారు. ఆయన రోజుకి 500 దండీలు తీశాడు. నువ్వు గోడకి చేతులానించి అయిదు తియ్యి చాలు" అన్నాడు.

సుమో అంటే నాకు తెలిసిందల్లా ఒకప్పుడు పెళ్ళివారంతా ఎక్కి కూర్చునే బండి ఒకటి. రెండోది, టీవీలో ఎప్పుడైనా కనిపించే ఇద్దరు భారీ మనుషులు గోచీలు బిగించి ఒకళ్ళనొకళ్ళు నెట్టుకోవడం. అది చూసి మా ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్ళం. బొద్దుగా ఉన్న పిల్లల్ని ఆ పేరుతో ఏడిపించిన పాపం కూడా మూటగట్టుకున్నాం. అలాంటిది వాడు పంపిన పాత వీడియో చూసి తెల్లబోయాను. ఈయనకి పొట్టే లేదు! ఆరడుగుల మనిషి, రాతిలో చెక్కినట్టున్న భుజాలు, సూటిగా గుచ్చే చూపు. "తోడేలు" అని పేరు పెట్టారంటే పెట్టరూ మరి! ఎదురుగా నిలబడ్డ హవాయి వస్తాదు కొనిషికి బరువు 200 కిలోల పైమాట. ఈయన 120 కిలోల పైచిలుకు. ఏనుగు ముందు గుర్రాన్ని నిలబెట్టినట్టుంది.

ఆయన పేరు చియోనోఫుజి. 1955లో, జపాను ఉత్తరాన హొక్కైడో దీవిలో, ఫుకుషిమా అనే చిన్న రేవు ఊళ్ళో పుట్టాడు. అణువిద్యుత్తు ప్రమాదం జరిగిన ఫుకుషిమా వేరు, ఇది వేరు. తండ్రి చేపలు పట్టేవాడు. కొడుకు పడవ మీద తండ్రికి సాయం చేస్తూ పెరిగాడు. పరుగులోనూ గెంతులోనూ దిట్ట గాని, కుస్తీ మీద మనసేమీ లేదట. అదే ఊరివాడైన చియోనోయమా అనే పెద్ద వస్తాదు, అప్పటికి గురువుగా ఉన్నాయన, ఈ పిల్లవాడి సంగతి విని వెతుక్కుంటూ వచ్చాడు. వద్దంటే వద్దన్న కుర్రాడు చివరికి ఒక్క మాటకి లొంగిపోయాడు: "టోక్యోకి విమానంలో తీసుకెళ్తాను." నవ్వొస్తుంది గాని, ఆ వయసులో నన్ను విశాఖపట్నం దాకా ఫస్టుక్లాసులో తీసుకెళ్తానంటే నేనూ దేనికైనా సరేననేదాన్నే.

అలా 1970లో, పదిహేనేళ్ళకి, టోక్యోలో కొకొనోయె అనే తాలింఖానాలో చేరాడు. తాలింఖానా అంటే కసరత్తు చేసి ఇంటికెళ్ళిపోయేది కాదు. అదే ఇల్లు. గురువుగారూ, ఆయన భార్యా, శిష్యులూ అందరూ అక్కడే. కొత్తగా చేరిన కుర్రాడు తెల్లవారకుండా లేచి పరగడుపున గోదాలోకి దిగాలి. పొద్దున్న ఫలహారమన్న మాటే లేదు. ఆ తరవాత వంట చెయ్యాలి, గిన్నెలు తోమాలి, బట్టలుతకాలి, స్నానాల దగ్గర పెద్దవాళ్ళ వీపులు రుద్దాలి. వంటంటే చంకో అని, పెద్ద కుండలో చేపలో కోడిమాంసమో వేసి, రకరకాల కూరలూ, సోయాజున్ను ముక్కలూ పడేసి ఉడికించే పులుసు. కోడినే శుభమనుకునేవారట. ఎందుకంటే కోడి రెండు కాళ్ళ మీద నిలబడుతుంది. నాలుగు కాళ్ళ జంతువు చేతులు నేలకి ఆనించినట్టే కదా, సుమోలో చెయ్యి నేలకి తగిలితే ఓడిపోయినట్టే! వండడం కుర్రాళ్ళదైనా, తినడం మాత్రం పెద్దవాళ్ళు ముందు. వీళ్ళకి ఆఖరి బంతిలో, కుండలో మిగిలినదే. పైగా జీతం లేదు. మొత్తం ఆరు అంచెలుంటే పై రెండు అంచెలకి ఎక్కినవాళ్ళకే జీతం.

ఇది చదువుతుంటే నాకు ఎక్కడో విన్న కథలాగే అనిపించింది. తెల్లారకుండా లేవడం, అందరికీ వండిపెట్టి ఆఖర్న తినడం, జీతం లేకపోవడం... మన కోడళ్ళ కథే కదూ? కాకపోతే వాళ్ళకి పై అంచె అంటూ ఒకటుంది.

ఆ అంచెకి చేరడానికి చియోనోఫుజికి నాలుగేళ్ళు పట్టింది. పెద్ద తరగతిలోకి ఇంకో ఏడాదికి వచ్చాడు. అక్కడే మొదలైంది భుజం గొడవ. పుట్టుకతోనే ఆయన భుజాల కీళ్ళకి లోతు తక్కువ. చిన్న గరిటెలో పెద్ద ఉండ పెట్టినట్టన్నమాట. దానికి తోడు తనకంటే లావాటి వాళ్ళని బలం కొద్దీ గిరాటు వెయ్యాలని చూసేవాడు. విసిరినప్పుడల్లా కీలు తప్పేది. 1979లో అలాగే తప్పి, కష్టపడి ఎక్కిన మెట్టు దిగిపోయాడు. అప్పుడే డాక్టరు చెప్పింది, కీలు చుట్టూ కండని కవచంలా పెంచుకోమని. ఆ 500 దండీల కథ అక్కణ్ణించే. పోటీల్లో ఎదురుపడే తకనోహానా అనే పెద్ద వస్తాదు చెబితే సిగరెట్లు మానేశాడు. మానేశాక ఒంటికి తిండి పట్టింది. అన్నిటికంటే ముఖ్యంగా ఆట మార్చుకున్నాడు. గిరాటెయ్యడం తగ్గించి, లేస్తూనే మెరుపులా వెళ్ళి ఎదుటివాడి నడికట్టు ముందు భాగం పట్టుకుని, వాడు ఊపిరి తీసుకునేలోగా గీత దాటించడం. గోదా అంతా కలిపి నాలుగున్నర మీటర్ల వృత్తం. ఆ గడ్డితాడు అంచు దాటినా ఓటమే, అరికాలు తప్ప ఒంట్లో ఇంకేది నేలకి తగిలినా ఓటమే. చాలా ఆటలు మనం కళ్ళజోడు తుడుచుకునేలోపు అయిపోతాయి.

ఇంకో సంగతి. ఎవరి చేతిలోనైనా ఓడిపోతే, ఆ ఓడించినవాడి తాలింఖానాకి తనే వెళ్ళి, వాడితోనే పదే పదే కుస్తీ పట్టేవాడట, వాడి కిటుకు దొరికేదాకా. నేనైతే నా నవలని చీల్చి చెండాడిన విమర్శకుడి వీధి గుండా కూడా నడవను.

1981 జనవరిలో మొదటి కప్పు గెలిచాడు. చివరి రోజున మహావస్తాదు కితనోఉమి చేతిలో ఓడి, ఇద్దరూ సమానమైతే, వెంటనే పెట్టిన తుది ఆటలో ఆయన్నే ఓడించాడు. సిగరెట్లు మానమని చెప్పిన తకనోహానా ఆ నెల పోటీల్లోనే ఆట విరమించుకున్నాడు. ఆ ఏడాది జులై అయ్యేసరికి చియోనోఫుజి యొకొజునా అయ్యాడు. సుమోలో అంతకంటే పై మెట్టు లేదు. వందల ఏళ్ళ చరిత్రలో ఆయన 58వ వాడు. ఇక ఆ మెట్టెక్కినవాడికి దిగడమనేది లేదు. ఓడడం మొదలైతే గౌరవంగా మానుకోవలసిందే. తరవాత పదేళ్ళు ఆయనవే. 1988లో వరసగా 53 ఆటలు గెలిచాడు. మొత్తం 31 కప్పులు, 1,045 గెలుపులు. బి.ఏ. చదివినదాన్ని, అంకెలు నాకు పడవు. ఇంతటితో వదిలేస్తాను.

నేను చెప్పదలచుకున్నది 1989 సంగతి.

ఆ మార్చిలో కప్పు గెలిపించిన విసురే మళ్ళీ భుజాన్ని తప్పించింది. మే పోటీలకి దిగలేకపోయాడు. జూన్‌లో, ఆ ఏడే పుట్టిన మూడో కూతురు పోయింది. నెలల పిల్ల. జబ్బు లేదు, జ్వరం లేదు. నిద్రలోనే పోయింది. జులైలో నగోయాలో పోటీలు. నెల తిరిగీ తిరక్కుండానే, మెడలో జపమాల వేసుకుని పోటీలకి వచ్చాడు చియోనోఫుజి. పదిహేను రోజుల్లో పన్నెండు గెలిచాడు, మూడు ఓడాడు. చివరికి తనతో సమానంగా నిలిచింది ఎవరనుకున్నారు? తన తాలింఖానాలోనే తన వెనకాల పెరిగిన తమ్ముడులాంటి హొకుతోఉమి. మామూలుగా ఒకే ఇంటివాళ్ళకి పోటీ పెట్టరు. సమానంగా నిలిస్తే మాత్రం తప్పదు. ఆ ఆటా గెలిచాడు.

ఆ వీడియో నేను పూర్తిగా చూడలేకపోయాను. మావారు వచ్చి, "ఏమిటోయ్, కుస్తీ చూసి కళ్ళు తుడుచుకుంటున్నావు?" అన్నారు. భుజం నొప్పన్నాను.

మా అమ్మకి నాకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి, మూడో నెలలో పోయింది. రాత్రి పాలు తాగి పడుకున్న పిల్ల తెల్లారేసరికి లేదు. ఈ మాట మా అమ్మ ఎప్పుడూ అనలేదు. నా పెళ్ళికి అరిసెలు వండుతూ మా మేనత్త చెప్పింది. "మూడో రోజున మీ తాతయ్యకి ఎవరో చుట్టాలొస్తే, మీ అమ్మే పదిమందికి వండి వడ్డించింది. పాలు పొంగి జాకెట్టు తడిసిపోతుంటే కొంగు కప్పుకుని మరీ వడ్డించింది" అని. ఆ వంటకి ఎవరూ కప్పు ఇవ్వలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైందని మాత్రం ఎవరో అన్నారట.

అప్పణ్ణించీ నా ఆలోచన చియోనోఫుజి మీంచి వాళ్ళావిడ మీదికి మళ్ళింది. ఆ పిల్లని కన్నది ఆవిడ కదా. ఆయనకి దుఃఖంతో కలబడడానికి నాలుగున్నర మీటర్ల గోదా ఒకటుంది. ఆవిడ అందులో కాలు పెట్టడానికి వీల్లేదు. సుమో గోదా మీద ఆడది అడుగు పెట్టకూడదు, మైలట. 2000 సంవత్సరంలో ఒసాకా గవర్నరు ఒక స్త్రీ. గవర్నరు బహుమతి తన చేత్తో ఇస్తానంటే ఒప్పుకోలేదు. 2018లో మైజురు అనే ఊళ్ళో ఆ ఊరి మేయరు గోదా మీద మాట్లాడుతూ కూలిపోతే, పరిగెత్తుకొచ్చి గుండె నొక్కి ప్రాణం నిలబెడుతున్న ఆడవాళ్ళని, దిగిపొమ్మని మైకులో చెప్పారు! తరవాత క్షమాపణ చెప్పుకున్నారనుకోండి. తాలింఖానా నడవాలంటే మాత్రం గురువుగారి భార్య లేకుండా పూట గడవదు. ఇంటి లెక్కలు, కుర్రాళ్ళ జ్వరాలు, వాళ్ళ తల్లులకి కబుర్లు, అన్నీ ఆవిడే. గడప ఇవతల దాకా ఆడవాళ్ళ చెయ్యి కావాలి, అవతలికి కాలు పనికిరాదు. ఎక్కడో జపాను సంగతని చెబుతున్నాను గాని, మీకు కొత్తగా ఉందా?

తరవాతి కథ త్వరగానే అయిపోయింది. 1991 మేలో, మొదటి రోజునే ఒక పద్ధెనిమిదేళ్ళ కుర్రాడు చియోనోఫుజిని ఓడించాడు. వాడెవరో కాదు, సిగరెట్లు మానమని చెప్పిన ఆ తకనోహానా కొడుకే. మూడో రోజున ఇంకో ఓటమి. శరీరం ఇక హద్దుకొచ్చిందని పత్రికలవాళ్ళ ముందు చెబుతూ, మధ్యలో మాట పెగలక ఏడ్చేశాడు. మరుసటేడు గురువుగారి స్థానంలో కూర్చుని తనూ శిష్యుల్ని తయారు చేశాడు. 2015లో అరవై నిండితే ఎర్రటి నడితాడు కట్టుకుని గోదా మీదికి వచ్చి ప్రేక్షకులకి మొక్కాడు. మన షష్టిపూర్తిలాంటిదే వాళ్ళకీ ఉంది. ఆ వయసులోనూ అవే భుజాలు. మరుసటేడు జులైలో క్యాన్సరుతో పోయాడు.

మొన్న ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఈ కథంతా చెప్పాను. దండీలూ, చంకో, విమానం, అన్నీ. అమ్మ బాగానే నవ్వింది. ఆయనదీ తనదీ ఒకే వయసని తెలిసి, "అయ్యో, నా ఈడువాడే" అంది. పిల్ల సంగతి చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పేశాను.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"ఆడపిల్లా?" అంది.

"ఆఁ."

"మరి వాళ్ళావిడ ఏం చేసిందటే?"

"పిల్లాడు పంపినదాంట్లో ఆవిడ మాట లేదమ్మా."

అమ్మ ఇంకేం అడగలేదు. కాయలన్నీ అయ్యాక ఈనెలు చేటలోకి ఎత్తి, పెరట్లో పారబోసి వచ్చింది. వచ్చి, "ఏదీ, ఆ చెయ్యి పైకెత్తు చూద్దాం" అంది. ఎత్తాను. చెవి దాకా వెళ్ళింది.

"మొన్నటికంటే నయమే" అని, ఆముదం వెచ్చబెట్టడానికి లోపలికి వెళ్ళింది.