మా ఊరి హైస్కూలు

మేమిద్దరం అక్కాతమ్ముళ్ళం. నాన్నగారి ఉద్యోగం వల్ల విశాఖపట్నం, నాగ్‌పూర్, ఇప్పుడు కోల్‌కతా, ఇలా మూడు ఊళ్ళలో మూడు కేంద్రీయ విద్యాలయాలు చూశాం. వచ్చే వేసవిలో నాన్నగారికి మళ్ళీ బదిలీ. ఈసారి ఆయన వెళ్ళే చోటికి దగ్గరలో కేవీ లేదు. పైగా ఊళ్ళో నాన్నమ్మకు ఒంట్లో బాగుండటం లేదు. అందుకని అమ్మతో పాటు మేమూ ఊరు వెళ్ళాలని ఇంట్లో అనుకున్నారు. మాలో పెద్దది పదో తరగతి ఇక్కడే పూర్తిచేసి పార్వతీపురంలో ఇంటర్‌లో చేరుతుంది. చిన్నవాడు మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతిలో చేరతాడు.

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి క్వార్టర్స్‌లో అందరూ అడిగేది ఒకటే: "కేవీ నుంచి పల్లెటూరి సర్కారు బడికా? పిల్లవాడి చదువు ఏం కాను?" ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ తెలుసుకున్న విషయాలే ఈ వ్యాసం.

మా ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలో, నాగావళి మీద కట్టిన తోటపల్లి బ్యారేజీకి దగ్గరలో ఉంది. ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, విజయనగరంలో దిగి, బొబ్బిలి మీదుగా వెళ్ళాలి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఈ జిల్లా పుట్టింది. ఇందులో పెద్ద నగరం ఒక్కటీ లేదు. కొండల్లో సవరలు, జాతాపులు, గదబలు ఉంటారు. కింద పల్లెల్లో రైతులు, కూలీలు ఉంటారు.

అలాంటి జిల్లా పదో తరగతి ఫలితాల్లో వరుసగా మూడేళ్ళు రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. 2023లో రాష్ట్రం మొత్తం మీద 72.26 శాతం మంది పాసైతే, మన్యం జిల్లాలో 87.47 శాతం. 2024లో రాష్ట్రం 86.69, మన్యం 96.37. 2025లో రాష్ట్రం 81.14, మన్యం 93.90. విశాఖపట్నం, విజయవాడ లాంటి నగరాలున్న జిల్లాలన్నీ దాని వెనకే.

ఇది మన ఆంధ్రలోనే జరిగిన వింత కాదు. ఇక్కడ పశ్చిమ బెంగాల్ మాధ్యమిక్ పరీక్షలో కూడా ఉత్తీర్ణతలో మొదటి స్థానం కోల్‌కతాది కాదు. 2023లో, 2025లో పూర్వ మేదినీపూర్ మొదట నిలిచింది. 2024లో కాలింపాంగ్.

మరి మన కేవీల సంగతి? 2025 సీబీఎస్ఈ పదో తరగతిలో కేవీల ఉత్తీర్ణత 99.45 శాతం. బోర్డులు వేరు, పరీక్షలు వేరు కాబట్టి రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేం. కానీ ఆ అంకెల వెనక ఉన్న పిల్లలెవరో చూడవచ్చు. మనలో చాలామంది ఇళ్ళలో నెల మొదట్లో జీతం వస్తుంది. హోంవర్క్‌లో ఏదైనా అర్థం కాకపోతే చెప్పేవాళ్ళుంటారు. పోయిన పూజా సెలవుల్లో ఊరు వెళ్ళినప్పుడు పెదనాన్నగారి అబ్బాయిని కూర్చోబెట్టి అడిగాం. అన్నయ్య 2025లోనే ఆ బడిలో పది పాసయ్యాడు. అతని తరగతిలో సగం మందికి పైగా ఇళ్ళలో పది దాకా చదివిన మనిషే లేరట. కొందరు కొండల మీది ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివేవారు. ఉదయం ఎనిమిదింటికే స్పెషల్ క్లాసులు. వెనకబడిన పిల్లల్ని ఐదారుగురు చొప్పున ఒక్కో మాస్టారు చూసుకునేవారు. ఎవరైనా రాకపోతే ఇంటికే వెళ్ళి పిలుచుకొచ్చేవారు.

భాష విషయంలో మనకూ వాళ్ళకూ పోలిక ఉంది. మేము ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు, వీధిలో బాంగ్లా మాట్లాడతాం. సవర పిల్లవాడు ఇంట్లో సవర మాట్లాడతాడు. అది తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబానికి చెందిన భాష. వాడికి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఆగస్టు 29న మనం ఎవరి పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటామో ఆ గిడుగు రామమూర్తి గారే సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు తయారుచేశారు. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉంటాయి. సవర పిల్లవాడికి ఆ రెండు పేజీలూ పరాయివే.

బదిలీల్లో కూడా పోలిక ఉంది, తేడా కూడా ఉంది. 1963లో 20 రెజిమెంటల్ స్కూళ్ళతో కేంద్రీయ విద్యాలయాలు మొదలైందే మన కోసం, అంటే బదిలీలయ్యే ఉద్యోగుల పిల్లల కోసం. ఎక్కడికి వెళ్ళినా అదే సిలబస్, అవే పుస్తకాలు. అడ్మిషన్‌లో కూడా బదిలీల సంఖ్యను లెక్కలోకి తీసుకుంటారు. మా ఊళ్ళో కూడా బదిలీలున్నాయి. పంట పని అయిపోగానే కొన్ని కుటుంబాలు విశాఖకో, హైదరాబాద్‌కో, చెన్నైకో కట్టడం పనులకు వెళ్ళిపోతాయి. ఆ బదిలీకి ఉత్తర్వు ఉండదు, చేతిలో టీసీ ఉండదు, దిగిన ఊళ్ళో పేరు రాసుకునే బడి ఉండదు. అన్నయ్య బెంచీలో కూర్చునే అబ్బాయి సంక్రాంతి తర్వాత అమ్మానాన్నలతో అలాగే వెళ్ళిపోయాడు, పరీక్ష రాయలేదు. పరీక్ష రాసినవాళ్ళ మీదే శాతం లెక్క కడతారు. కాబట్టి పాసైన 93.90లోనూ వాడు లేడు, మిగిలిన 6.10లోనూ లేడు.

ఇంకొక అంకె కూడా చెప్పాలి. 2025లోనే అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64 శాతంతో రాష్ట్రంలో అన్నిటికన్నా వెనక నిలిచింది. అది కూడా గిరిజనులున్న జిల్లాయే, అది కూడా అదే రోజున ఏర్పడింది. మన్యంలో కొండలతో పాటు మైదాన మండలాలున్నాయి. అల్లూరి జిల్లా మాత్రం దాదాపు అంతా కొండలే, ఊళ్ళు దూరదూరం. కాబట్టి రెండింటికీ ఒకే కొలత సరిపోదు. కానీ "పల్లె పిల్లలు ఇంతే", "గిరిజన పిల్లలు ఇంతే" అనే మాట నిజం కాదని మాత్రం ఈ రెండు అంకెలూ కలిసి చెబుతున్నాయి. పిల్లలు ఎవరి ఇంట్లో పుట్టారన్నది ఎంత ముఖ్యమో, బడి దగ్గరలో ఉందా, మాస్టారు రోజూ వస్తున్నారా, రాని పిల్లవాణ్ణి ఎవరైనా వెతుకుతున్నారా అన్నవి కూడా అంతే ముఖ్యం.

క్వార్టర్స్‌లో ఆంటీలకూ అంకుల్స్‌కూ ఇప్పుడు మేమిచ్చే జవాబు ఇదే: చదువు ఏమీ కాదు, కష్టం మాత్రం ఉంటుంది. ఆ కష్టం సర్కారు బడి వల్ల వచ్చేది కాదు. అక్కడ తెలుగు మొదటి భాష, నూరు మార్కుల పేపరు. ఇన్నాళ్ళూ మేము తెలుగును ఇంట్లో అమ్మ దగ్గర మాత్రమే నేర్చుకున్నాం. అందుకే అన్నయ్య తన తొమ్మిదో తరగతి తెలుగు వాచకం పోస్టులో పంపాడు. రోజూ రాత్రి భోజనాలయ్యాక మాలో చిన్నవాడు ఒక పేజీ పైకి చదువుతాడు, పెద్దది ఒత్తులు సరిచేస్తుంది.

మిత్రులారా, సెలవులకు మీ ఊరు వెళ్ళినప్పుడు అక్కడి హైస్కూలు గేటు దగ్గర ఒక్కసారి ఆగండి. ఎంతమంది పాసయ్యారని అడగండి. ఎంతమంది మధ్యలో వెళ్ళిపోయారని, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారని కూడా అడగండి. ఒక ఊరు వదిలి ఇంకో ఊళ్ళో కొత్త బెంచీలో కూర్చోవడం ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా.