పరంజా

ఈసారి సావనీరుకి ఏదైనా సైన్సు విషయం, పిల్లలకి అర్థమయ్యేలా రాసిమ్మని కమిటీవారు అడిగారు. ఇంట్లో ఇద్దరం ఇంజినీర్లమే; జీవశాస్త్రం పదో తరగతితో సరి. అయినా మా అమ్మాయి పుణ్యమా అని ఒక ప్రొటీను గురించి కాస్త నేర్చుకున్నాం.

పోయిన వసంతంలో క్లాసులో అమ్మాయికి ఫిట్స్ వచ్చినప్పుడు మీలో చాలామంది అక్కడే ఉన్నారు. ఒక పిన్నిగారు పరుగున తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. ప్రేమతో చేసిన పనే, కానీ ఇనుముతో ఫిట్స్ ఆగవు. పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూసుకోవాలి, అయిదు నిమిషాలు దాటితే 911. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. మేమూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాం.

మూడేళ్లు నిండినా అమ్మాయికి మాటలు రాలేదు. రెండు భాషలతో తికమక పడుతోంది, ఇంట్లో తెలుగు మానెయ్యండి అని ఒక నిపుణుడు సలహా ఇచ్చారు. ఏడాదిపాటు మానేశాం. అమ్మమ్మ ఫోను చేస్తే డెక్ మీదకి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లం, దొంగల్లాగా. మాటలు రాలేదు సరికదా, ఇల్లు మూగబోయింది.

తర్వాత జన్యు పరీక్షలో తేలింది. 22వ క్రోమోజోము చివర చిన్న ముక్క లేదు. షాంక్-3 అనే జన్యువు ఉండేది అక్కడే. దాన్ని ఫెలాన్-మెక్‌డెర్మిడ్ సిండ్రోమ్ అంటారట. తెలుగు చేసిన పాపం ఏమీ లేదు.

పిల్లలూ, మీ మెదడులో నరకణాలు ఒకదాన్నొకటి తాకకుండానే కబుర్లు చెప్పుకుంటాయి. మధ్యలో 20 నానోమీటర్లంత సందు. ఆ చోటు పేరు సినాప్స్. ఒక కణం రసాయనం చిమ్ముతుంది, అవతలి కణం గ్రాహకాలతో అందుకుంటుంది. ఆ గ్రాహకాలు సరిగ్గా సందుకి ఎదురుగా నిలబడాలంటే వెనక ఏదో పట్టుకోవాలి కదా? అవే పరంజా ప్రొటీన్లు. ఉత్తేజపరిచే సినాప్స్‌లో పి.ఎస్.డి-95, దాని కింద షాంక్-3. శాంతపరిచే చోట గెఫిరిన్. గ్రీకులో ఆ మాటకి వంతెన అని అర్థం.

నిజానికి పరంజా అనే పేరు మాకు అంత నచ్చలేదు. ఇల్లు కట్టాక పరంజా విప్పేస్తారు. ఇవి ఉండిపోతాయి. మా ఊళ్లో బీర పాదుకి వేసే పందిరి అంటే ఇంకా బాగుండేది.

ఇవి వట్టి గుంజలు కూడా కావు. ఊళ్లో ఫ్రిజ్ పక్కన టక్కుమనే స్టెబిలైజరు గుర్తుందా? ఓల్టేజి తగ్గితే పెంచేది, పెరిగితే తగ్గించేది. మెదడులోనూ అలాంటిదొకటి ఉందని 1998లో జీనా టురిజియానో బృందం చూపించింది. నరకణాల సందడి రెండు రోజులు ఆపేస్తే అవి తమ సినాప్స్‌లను తామే బలపరుచుకున్నాయి. సందడి పెంచితే తగ్గించుకున్నాయి. ఈ సర్దుబాటుకి షాంక్-3 తప్పనిసరి అని అదే ప్రయోగశాల 2020లో ప్రకటించింది. మా అమ్మాయికి లేనిది పూర్తి స్టెబిలైజరు కాదు, సగం. రెండో క్రోమోజోము మీది ప్రతి ఒక్కటీ పని చేస్తోంది.

ఉత్తేజానికి ఆసరా తగ్గితే మెదడు మందగించాలి గానీ ఫిట్స్ ఎందుకు వస్తాయి? మేమూ డాక్టరుగారిని ఇదే అడిగాం. బ్రేకు వేసే కణాలు కూడా ఉత్తేజం అందితేనే పని చేస్తాయి, వాటికీ అదే పరంజా అన్నారు. పోనీ ఎక్కువుంటే మేలా అంటే, అదీ కాదు. 2013లో హ్యూస్టన్ శాస్త్రవేత్తలు షాంక్-3 ఎక్కువగా తయారయ్యే ఎలుకల్ని పెంచితే వాటికీ ఫిట్స్ వచ్చాయి.

ఆ జన్యువుని సరిచేసే మందు ఇంకా ఆసుపత్రుల్లోకి రాలేదు. ఫిట్స్‌కి మాత్రలున్నాయి, వేస్తున్నాం. ఇంట్లో మళ్లీ తెలుగే. అమ్మమ్మ ఫోను వస్తే స్పీకరు పెడుతున్నాం.

ఆదివారం హాజరు పిలిచేటప్పుడు మా అమ్మాయి ఇప్పుడు చెయ్యెత్తుతోంది. "వచ్చాను" అనాలి. ప్రస్తుతానికి "వ" వచ్చింది. పక్క బెంచీ పిల్లలు మిగతాది అందిస్తున్నారు.